ఘాటు రాని పొగ

అనసూయమ్మకు దేవుడి మీద ఎంత నమ్మకమో మనుషుల కళ్ల మీద అంత అనుమానం. పాలు విరిగినా, బర్రె తన్నినా, పెట్టిన పచ్చడికి బూజు పట్టినా ఎవరో చూసి ఉంటారని తేల్చేది. ఎవరు చూశారో కూడా తేల్చేది. జనగామ దగ్గర పల్లెలో యాభై ఎనిమిదేళ్లు ఇలాగే నెగ్గుకొచ్చింది కాబట్టి, నువ్వు పొరబడుతున్నావని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.

పోయిన వానాకాలంలో ఆమె పెద్ద కూతురు జ్యోత్స్న డెంగీతో ఐదు రోజుల్లో చనిపోయింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు డాక్టర్లు. ఊరందరివీ నిలబడి నా బిడ్డవే ఎందుకు పడిపోయాయని అనసూయమ్మ అడిగింది. ముప్పై మూడేళ్ల పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ, డాబా మీద పిట్టల్ని పెంచుకుంటూ, మొగుడి నోట 'సరే' తప్ప మరో మాట రానివ్వకుండా కాపురం చేస్తుంటే నలుగురి కళ్లూ ఊరుకుంటాయా? డాక్టర్ల దగ్గర దీనికి జవాబు లేదు. ఆమె దగ్గర ఉంది.

అప్పటి నుంచి చిక్కడపల్లిలో అల్లుడి ఇంట్లోనే ఉంటోంది. లైబ్రరీ వెనక సందులో మూడో అంతస్తు, దాని పైన డాబా. అల్లుడు క్రాంతికుమార్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెప్తాడు. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. మనవరాలు మన్వితకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. చలిగాలి తగిలితే ఆయాసం వస్తుంది. తల్లి పోయాక గట్టిగా ఏడవలేదు, గట్టిగా నవ్వలేదు. ఆ పిల్లకు ప్రాణమంతా డాబా మీది పిట్టల గదే.

దాన్ని జ్యోత్స్న కట్టించుకుంది. ఇనుప చువ్వలకు జాలీ బిగించిన గది, ఒక మనిషి నిలబడి తిరగవచ్చు. లోపల ఎండుకొమ్మలు, నీళ్ల మూకుళ్లు, జాలీకి తీగతో కట్టిన చిన్న చిన్న మట్టి ముంతలు. పిచ్చుకలో సగం ఉండే ఫించ్ పిట్టలు ఆ ముంతల్లో కొబ్బరి పీచు పరుచుకుని గుడ్లు పెడతాయి. జ్యోత్స్న పోయిన తర్వాత చూసేవాళ్లు లేక చాలా పిట్టల్ని క్రాంతి ఎవరెవరికో ఇచ్చేశాడు. ఒక్క జంటను మాత్రం మన్విత ఇవ్వనివ్వలేదు. మగ పిట్టకు ఎర్ర ముక్కు, బుగ్గల మీద నారింజ రంగు మచ్చలు. రోజంతా పీప్ పీప్ అంటూ అధికారం చేస్తుందని మన్విత దానికి 'సార్' అని పేరు పెట్టింది. ఆడది బూడిద రంగుది. అది 'వాళ్లమ్మ'. ఈ ఆషాఢంలో వాళ్లమ్మ నాలుగు పిల్లల్ని చేసింది.

ఒక శుక్రవారం పొద్దున మన్విత పాలు తాగకముందే డాబా ఎక్కింది. కాసేపటికి మెట్లు దిగి వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

"అమ్మమ్మా, వాళ్లమ్మ లేస్తలేదు."

అనసూయమ్మ చేతిలో గరిటె కింద పడింది. ఆ పిల్ల సరిగ్గా ఇదే గొంతుతో, ఇదే మాట, పోయిన ఏడాది ఆస్పత్రిలో అన్నది.

పిట్ట నీళ్ల మూకుడు పక్కన వెల్లకిలా పడి ఉంది. గాయం లేదు, నెత్తురు లేదు. కాళ్లు రెండూ దారపు పోగుల్లా ముడుచుకుని ఉన్నాయి. పిల్లి జాలీ మీదికి దూకి ఉంటుంది, భయానికి గుండె ఆగి ఉంటుంది అన్నాడు క్రాంతి. ముంతలో పిల్లలు నాలుగూ నోళ్లు తెరిచి మెడలు ఊపుతున్నాయి. పుట్టి తొమ్మిది రోజులు. ఈకలు ఇంకా ముళ్లలాగే ఉన్నాయి. మగ పిట్ట కొమ్మ మీద నుంచి ముంతకు, ముంత మీద నుంచి కొమ్మకు ఎగురుతూ, ఏం చేయాలో తెలియని మొగాడు ఎలా తిరుగుతాడో అలా తిరుగుతోంది.

"డాడీ, సార్ ఒక్కడే నలుగురికి పెట్టగలడా?" అని అడిగింది మన్విత.

మూడు వందల మందికి మైకులో రాజ్యాంగం చెప్పే క్రాంతికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైంది. "పెడ్తడు బిడ్డా. మనం జర సాయం చేద్దాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నారాయణగూడలో పిట్టలమ్మే దుకాణానికి వెళ్లి కనుక్కుని వచ్చాడు. ఉడికించిన గుడ్డు మెదిపి పెట్టాలి, కొర్రలు నానబెట్టి పెట్టాలి, గది జోలికి ఎక్కువగా పోకూడదు, తండ్రి పిట్ట సాదుకుంటుంది. గాలి మాత్రం తగలకూడదు. రాత్రిపూట తల్లి వెచ్చదనం లేదు కాబట్టి చలిగాలి కొడితే ఒక్కటి మిగలదు. క్రాంతి కోచింగ్ సెంటర్ నుంచి పాత ఫ్లెక్సీలు తెచ్చి గదికి మూడు వైపులా, పైన కూడా బిగించి కట్టాడు. అన్నింటి మీదా అతని ముఖమే, చూపుడు వేలు చూపిస్తూ. తలుపున్న పడమటి వైపు మాత్రం వెలుతురు కోసం వదిలాడు.

అనసూయమ్మ ఇవన్నీ చూస్తూ గోడకానుకుని కూర్చుంది. గాలట, చలట. అసలు సంగతి ఎవరికీ పట్టలేదు. గురువారం సాయంత్రం రెండో అంతస్తు రత్నమాల డాబా మీద బట్టలు తీసుకోవడానికి వచ్చింది. జాలీ దగ్గర నిలబడి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయండీ! ఆ తల్లి చూడండి, ఎంత బాగా చూసుకుంటోందో" అన్నది. తెల్లారేసరికి ఆ తల్లి చచ్చింది. ఇంకేం కావాలి?

రత్నమాల వాళ్లది తెనాలి వైపు. తాతల నాడు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భర్త బ్యాంకులో పని చేస్తాడు, పిల్లలు లేరు. పిల్లలు లేరన్న ముక్క అనసూయమ్మ మనసులో రెండుసార్లు గట్టిగా గీత గీసుకుంది. జ్యోత్స్న సీమంతంలో హారతి పళ్లెం పట్టుకున్నది కూడా ఈవిడే. ఫొటో ఉంది.

ఆమె భయం పిట్టల గురించి కాదు. తల్లిని మింగిన కన్ను పిల్లల కోసం వస్తుందని ఆమె నమ్మకం. ఈ ఇంట్లో ఇద్దరు తల్లులు పోయారు. ముంతలో నాలుగు పిల్లలున్నాయి, కింద ఇంట్లో ఒక పిల్ల ఉంది. కన్ను ముందు ముంత దగ్గర ఆగింది. అక్కడే దాన్ని ఆపేస్తే మెట్లు దిగదు. పిట్ట పిల్లలు బతికితే మన్విత బతుకుతుంది. అవి పోతే? ఆ పై మాట ఆమె మనసులో కూడా అనుకోలేదు.

దిష్టి తీయాలి. అయితే ఇంట్లో తీయడానికి లేదు. వచ్చిన కొత్తలో మన్వితకు ఎండు మిరపకాయలు, దొడ్డుప్పు తిప్పి గ్యాస్ పొయ్యి మీద వేస్తే, ఇల్లు ఇల్లంతా దగ్గి, పిల్లకు ఆయాసం ఎక్కువై, క్రాంతి రెండు చేతులూ జోడించాడు. "అత్తమ్మా, నీకు దండం పెడ్త. ఇంట్ల మిరపకాయలు కాల్చుడు వద్దు." ఆమెకు మాత్రం ఆ రోజు తృప్తిగానే ఉంది. కాల్చినప్పుడు ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టు, ఉన్నా తేలికదే. ఎంత కాల్చినా ఘాటు రాకపోతే అప్పుడు పెద్ద దిష్టి. కరోనా వచ్చి పోయాక ఆమె ముక్కుకు వాసన తెలియదు. పోపు మాడుతున్నా మన్విత వచ్చి చెప్పాలి. అందుకని ఎదుటివాళ్ల దగ్గే ఆమెకు కొలత. ఎవరైనా దగ్గితే ఘాటు వచ్చినట్టు.

ఆదివారం సందెవేళ క్రాంతి క్లాసుకు పోయాక, మన్విత కింద టీవీ ముందు కూర్చున్నాక, అనసూయమ్మ ఇనుప మూకుట్లో కొబ్బరి చిప్పల నిప్పులు పోసుకుని డాబా ఎక్కింది. ఐదు మిరపకాయలు, పిడికెడు ఉప్పు, చిటికెడు ఆవాలు పిట్టల గదికి చూపించి మూడుసార్లు తిప్పింది. "ఊరి కండ్లు, ఇరుగు కండ్లు, పొరుగు కండ్లు, రెండో అంతస్తు కండ్లు పోవాలె" అని నిప్పుల్లో వేసింది. తెరిచిన చోట నిప్పులు గాలికి ఎగురుతున్నాయని, మూకుడిని గది తలుపు మూలకు జరిపింది. తను గాలికి వీపు పెట్టి నిలబడింది.

ఆషాఢమాసపు పడమటి గాలి. పొగ ఆమె వైపు రాలేదు. జాలీలోంచి లోపలికి పోయి, మూడు వైపులా ఉన్న ఫ్లెక్సీలకు తగిలి అక్కడే తిరిగింది. పొగ ఎటు పోతోందో చూడవలసిన మనిషి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. పక్క డాబా మీద పుస్తకం పట్టుకుని అటూ ఇటూ నడిచే హాస్టల్ కుర్రాళ్లు ఎప్పటిలాగే పైకి చదువుకుంటున్నారు. వాళ్లది గాలి వచ్చే వైపు. ఒక్కరూ దగ్గలేదు.

మిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఘాటు లేదు.

సోమవారం పొద్దున ముంతలో ఒక పిల్ల చచ్చి ఉంది. అన్నిటికంటే చిన్నది.

"చలికి పోయి ఉంటది" అన్నాడు క్రాంతి. తలుపు పైభాగాన మడత పెట్టేట్టు ఇంకో ఫ్లెక్సీ కట్టాడు, వానొస్తే దించడానికి. మన్విత ఆ పిల్లను అగ్గిపెట్టెలో పెట్టి తులసికుండీలో పూడ్చింది. తర్వాత నేరుగా వచ్చి, "అమ్మమ్మా, సార్ మంచిగనే పెడ్తుండు కదా? మరెందుకు సచ్చిపోయింది?" అని అడిగింది. అనసూయమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఆ మెడలో నరం కొట్టుకోవడం తన దవడకు తగిలింది. నిన్ను పోనియ్య బిడ్డా, అని మనసులో వెయ్యిసార్లు అనుకుంది.

మంగళవారం సందెవేళ మిరపకాయలు ఐదు కాస్తా తొమ్మిదయ్యాయి. ఘాటు రాలేదు.

బుధవారం మధ్యాహ్నం రత్నమాల తలుపు కొట్టింది. చేతిలో కాఫీపొడి గిన్నె కూడా లేదు. ఉత్త చేతులతో రావడం అనసూయమ్మకు నచ్చలేదు.

"అనసూయమ్మగారూ, ఏమీ అనుకోకండి. నిన్న సాయంత్రం డాబా మీద మిరపకాయలు కాల్చారా? పొగంతా డక్టులోంచి మా వంటింట్లోకి దిగిందండీ. గంటసేపు దగ్గుతూనే ఉన్నాను. కళ్లు చూడండి, ఎలా ఉన్నాయో." నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ఆమె కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది. "నా సంగతి సరేనండీ. ఆ పిట్టలకి పొగ పడదేమో కదా? వాటి ఊపిరితిత్తులు ఇంతింత ఉంటాయి. కొంచెం చూడండి."

అనసూయమ్మ ఆ ఎర్రటి కళ్లనే చూసింది. పక్కనే నిలబడిన తనకు రాని ఘాటు, పక్క డాబా పిల్లలకు రాని ఘాటు, కింద వంటింట్లో గోడల మధ్య కూర్చున్న ఈవిడకే వచ్చింది. ఈవిడ కళ్లే మండాయి. కళ్లు! ఇంతకంటే సాక్ష్యం కోర్టులో కూడా దొరకదు. పైగా ఇక కాల్చొద్దని చెప్పడానికి వచ్చింది. దొంగకు తాళం ఇష్టం ఉంటుందా?

"మా ఇంటి సంగతి నేను సూసుకుంట తియ్ రత్నమాలా. నువ్వు పరేషాన్ గాకు" అని తలుపు వేసింది. వేశాక గొళ్లెం కూడా పెట్టింది. ఆమె చెప్పిన రెండో ముక్క, ఇంతింత ఊపిరితిత్తుల ముక్క, తలుపు బయటే ఉండిపోయింది.

గురువారం రెండో పిల్ల పోయింది.

ఇక డాబా మీద ఏదో మారింది. మగ పిట్ట పీప్ పీప్ మనడం మానేసింది. గుడ్డు ముద్ద తింటుంది, ముంతకు పోతుంది, మిగిలిన రెండు పిల్లల గొంతుల్లో కక్కి పోస్తుంది, మళ్లీ వచ్చి కొమ్మ మీద కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతుంది. దగ్గరికి పోయి చెవి పెడితే టిక్, టిక్ అని సన్నటి చప్పుడు. గోడ గడియారం ముల్లు ఎక్కడో ఇరుక్కుపోయినట్టు. "అలసిపోయిండు పాపం" అన్నాడు క్రాంతి. ఆ మాట అంటున్న అతని గొంతు కూడా అలాగే ఉంది. అనసూయమ్మకు అది అలసటలా అనిపించలేదు. కన్ను తండ్రి మీదికి కూడా వచ్చిందనిపించింది. ఆదివారం మళ్లీ కాల్చింది. నిప్పులు ఎక్కువ పోసింది.

అయినా ఆ బుల్లి ప్రాణి బిడ్డల్ని వదల్లేదు. అదే ఆశ్చర్యం. పొద్దస్తమానం ముంత చుట్టూనే. రెండు పిల్లలకూ ఈకలు వచ్చాయి. ముంత మూతి దగ్గర కూర్చుని బయటికి తొంగి చూస్తున్నాయి. మంగళవారం పొద్దున మన్విత కేకకు ఇల్లంతా డాబా ఎక్కింది. ఒక పిల్ల ముంతలోంచి దూకి, రెక్కలు టపటపలాడించి, కొమ్మ మీద వాలింది. వాలి, పడబోయి, నిలదొక్కుకుంది. మన్విత చప్పట్లు కొట్టి నవ్వింది. గట్టిగా, నోరంతా తెరిచి. క్రాంతి గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. అనసూయమ్మకు ఆ నవ్వు విని ఏడుపొచ్చింది. ఏడాదిగా ఆ నవ్వు కోసమే బతికి ఉన్నట్టు ఉంది.

"రెండోది కూడా ఇయ్యాలో రేపో దూకుతది బిడ్డా. కదలకుండ కూసుంటే సూడొచ్చు" అన్నాడు క్రాంతి.

సరిగ్గా అప్పుడే బకెట్టుతో రత్నమాల వచ్చింది. "అయ్యో, ఎగిరిందా? ఎంత బావుందో! మన్వితా, నువ్వు నవ్వితే అచ్చం మీ అమ్మలాగే ఉన్నావే తల్లీ" అంది. ప్రేమగానే అంది. పిల్ల బుగ్గ పుణికి వెళ్లింది.

అనసూయమ్మ మనవరాలిని కొంగు చాటుకు లాక్కుంది. ఇన్నాళ్లూ ముంతనే చూసిన కన్ను ఇప్పుడు పిల్లను చూసింది. పైగా తల్లితో పోల్చింది. ఆ రోజు అమావాస్య కూడా. ఇక ఉపేక్షిస్తే తన చేతులతో తనే మనవరాలిని అప్పగించినట్టు.

సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టింది. క్రాంతి క్లాసుకు పోతూ గది తలుపు మీది ఫ్లెక్సీ దించి వెళ్లాడు. మన్విత హోంవర్కు చేసుకుంటానని లోపలి గదిలోకి పోయింది. పుస్తకం తెరిచిన చప్పుడు కూడా అయింది. అనసూయమ్మ వంటింట్లో డబ్బా బోర్లించి, ఉన్న మిరపకాయలన్నీ కొంగులో పోసుకుంది. ఎన్నో చూడలేదు. ఉప్పు, ఆవాలు, దువ్వెనలో చిక్కుకున్న మన్విత వెంట్రుకలు నాలుగు. నిప్పులు రాజేసి డాబా ఎక్కేసరికి ముషీరాబాద్ వైపు ఆకాశం నల్లబడింది. సన్నటి తుంపర మొదలైంది.

ముందు మన్వితను తలచుకుని ఏడుసార్లు తిప్పింది. తర్వాత పిట్టల గదికి తిప్పింది. నిప్పులు తుంపరకు చుయ్ చుయ్ మంటున్నాయి. ఆరిపోతే మొత్తం వ్యర్థం. ఆమె వంగి, తలుపు ఫ్లెక్సీ అంచు జానెడు ఎత్తి, మూకుడిని దాని కిందికి నెట్టింది. లోపల తడవదు, గాలి కొట్టదు, బాగా కాలుతుంది. కొంగులోని మిరపకాయలన్నీ ఒక్కసారిగా పోసి ఫ్లెక్సీ వదిలేసింది.

చేతులు జోడించి నిలబడింది. లోపల చిటపటలు వినిపిస్తున్నాయి. "రావాలె, ఘాటు రావాలె. నా బిడ్డ మీది పీడ పోవాలె" అని పైకే అంటోంది. పిట్టలు జాలీకి కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. పీడ కొట్టుకుంటోందనుకుంది. ఏదో మట్టిది పగిలింది. ఆమె ఇంకా గట్టిగా కళ్లు మూసుకుంది.

అప్పుడు దగ్గు వినిపించింది.

ఒక్కటి. తర్వాత రెండు. అనసూయమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఘాటు వచ్చింది! పన్నెండు రోజులకు, ఇంత భయం మోశాక, ఎవరో దగ్గారు. కన్ను విరిగింది. నా తల్లి జ్యోత్స్నా, నీ బిడ్డను కాపాడుకున్న, అనుకుంది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఆ సంతోషం ఎంతసేపు ఉందంటే, దగ్గు పక్క డాబా మీది నుంచి కాదు, కింది వంటింట్లోంచి కాదు, తన ముందున్న ఫ్లెక్సీ లోపలి నుంచి వస్తోందని చెవికి తెలిసేంతసేపు.

అది పెద్దవాళ్ల దగ్గు కాదు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేస్తున్న దగ్గు. ఫ్లెక్సీ మీది క్రాంతి ముఖం లోపలి నుంచి ఎవరో గుద్దినట్టు ఉబ్బి, ముడుచుకుంది.

"మన్వితా!"

ఫ్లెక్సీ పీకితే రాలేదు. పళ్లతో తాడు కొరికింది. గోళ్లు విరిగాయి. తలుపు లాగగానే పొగ ఆమె ముఖం మీద పడింది, మొదటిసారిగా. కళ్లలో నిప్పులు పోసినట్టయింది. నిప్పుల మూకుడిని కాలితో తన్ని, చేతులతో తడుముతూ మూలకు పోయింది. పిల్ల మోకాళ్ల మీద ముడుచుకుని ఉంది. తలుపు దగ్గర నిప్పులుండగా ఎటు రావాలో తెలియలేదు. ఒక చేతిలో పగిలిన ముంత, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

బయటికి లాక్కొచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. అనసూయమ్మ అరిచిన అరుపుకు మెట్ల మీద మొదట వచ్చింది రత్నమాలే. ఏమిటి, ఎలా అని అడగలేదు. పిల్లను ఎత్తుకుని మూడు అంతస్తులూ దిగింది. చెప్పుల్లేకుండా సందు చివరి దాకా పరుగెత్తి ఆటో ఆపింది. నారాయణగూడ దాకా దారి పొడుగునా, "ఊపిరి తీసుకో తల్లీ, ఇదిగో, నాతోపాటు తీసుకో" అంటూనే ఉంది. అనసూయమ్మ పక్కన కూర్చుని పిల్ల పాదాలు పట్టుకుంది. అంతకుమించి ఆమెకు ఏమీ చేతకాలేదు.

క్లినిక్‌లో ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టారు. గంటకు పెదవుల రంగు తిరిగొచ్చింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమీ చెప్పలేకపోయేవాణ్ని అన్నాడు డాక్టరు. దేని పొగ అని అడిగాడు. ఎవరూ మాట్లాడకపోయేసరికి కాగితం మీద ఏదో రాసుకుని పోయాడు.

క్రాంతి పరుగున వచ్చాడు. చొక్కా చేతికి సుద్దపొడి, చెవి దగ్గర క్లాసులో పెట్టుకునే మైకు తీగ ఇంకా వేలాడుతోంది. పిల్లను తడిమి చూసుకున్నాడు. ఊపిరి ఉందని నమ్మకం కుదిరాక తిరిగాడు.

"ఏమైంది? ఎట్లయింది? ఎవలు పెట్టిండ్రు పొగ?"

రత్నమాల నోరు తెరవబోయి, అనసూయమ్మ వైపు చూసి ఊరుకుంది. ఎప్పుడు ఏం జరిగినా ఎవరో ఒకరి వైపు వేలు చూపించగలిగిన మనిషికి, ఆ బెంచీ మీద కూర్చుంటే చూపించడానికి ఎవరూ దొరకలేదు.

"నేనే" అంది అనసూయమ్మ. "దిష్టి తీద్దామని పెట్టిన క్రాంతీ. పిల్ల లోపలున్నదని తెల్వదు. ఇయ్యాలొక్కనాడే గాదు. ఆదివారం, మంగళవారం, అన్నిసార్లు నేనే. నీ పిట్టలను చలి సంపలే, నేను సంపిన."

క్రాంతి గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

మన్విత మాస్కు పక్కకు జరిపింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది. "రెండోది దూకేటప్పుడు సూద్దామని, నువ్వు వంటింట్లున్నప్పుడే పోయి కూసున్న. పొగ రాంగనే సార్ పిల్లల మీద రెక్కలు కప్పిండు. కప్పి అట్లనే ఉండిపోయిండు, కింద పిల్లలు గూడ అట్లనే" అంది. పిడికిలి తెరిచి చూపించింది. ఆటోలో, ఇక్కడా, అంతసేపూ ఆ పిల్ల పిడికిలి ఎందుకు విప్పలేదో అప్పుడు అందరికీ తెలిసింది. ఎర్ర ముక్కు, నారింజ బుగ్గలు. మెడ వేళ్ల మధ్యలోంచి వాలిపోయింది.

మన్విత అమ్మమ్మనే చూస్తోంది. కోపంగా కాదు. లెక్క అర్థం కాని పిల్ల బోర్డు వైపు చూసినట్టు చూస్తోంది.

"వాళ్లమ్మను గూడ నువ్వేనా?"

"కాదు బిడ్డా. అప్పటికి నేనింక పొగ పెట్టలే. నీ మీద ఒట్టు."

మన్విత వాలిన పిట్ట మెడను వేలితో ఎత్తి పట్టుకుంది.

"మరి మా అమ్మను?"

అనసూయమ్మ కాదంది. కాదు బిడ్డా, కాదు తల్లీ అని మళ్లీ మళ్లీ అంది. మన్విత ఆ మాటలన్నీ చివరి దాకా విన్నది. విన్నాక, చేతిలోని పిట్టను గుండెకు ఆనించుకుని, బెంచీ మీద మెల్లగా రత్నమాల వైపు జరిగి కూర్చుంది.